అప్‌గ్రేడ్ తర్వాత సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే: ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, ఇంటి కరెంటు విడదీసి చూసిన నా అనుభవం

2019లో విడి పార్టులు తెచ్చి కట్టిన సిస్టమ్ ఇది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పార్టులకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా), 600 వీఏ యూపీఎస్. నల్లగొండలో పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేసే పని దీని మీద నడుస్తుంది. ఫుల్ హెచ్‌డీ ఉన్నన్నాళ్లు దానికి తిరుగులేదు. ఇప్పుడు పెళ్లివాళ్లు 4కే అడుగుతున్నారు, డ్రోన్ ఫుటేజీ దానికి తోడు. అందుకని ప్రాసెసర్ తీసి రైజెన్ 7 5700ఎక్స్, కార్డు తీసి ఆర్‌టీఎక్స్ 3070 పెట్టి, ఉన్న ర్యామ్ మోడల్‌దే ఇంకో జత వేసి 32 జీబీ చేశాను. బోర్డు, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, క్యాబినెట్ పాతవే.

ఆ తర్వాత రీస్టార్టులు మొదలయ్యాయి. రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) పెట్టిన కాసేపటికి తెర టక్కున నల్లబడి బోర్డు లోగో వచ్చేది. ఒక్కోసారి బరువైన పనేదీ లేకుండా, బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉన్నప్పుడు నీలి తెర (విండోస్ లోపం కోడ్ చూపించి ఆగిపోయే తెర) పడేది. సాయంత్రాలు ఇంకో రకం: లైట్లు ఒక్కసారి మిణుకుమనడం, యూపీఎస్ అరవడం, సిస్టమ్ పోవడం. బయటి నుంచి చూస్తే ఇదంతా ఒకే జబ్బులా ఉంటుంది. నిజానికి మూడు వేర్వేరు లోపాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఒకటి సరిచేసినా మిగతా రెండూ రీస్టార్ట్ చేస్తూనే ఉంటాయి కాబట్టి, చేసిన పని తప్పేమోనని దాన్ని వెనక్కి తీసుకుంటాం. అప్‌గ్రేడ్ చేసినవాళ్లలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే. అందుకే పార్టు మార్చే ముందు, పడిపోయిన ప్రతిసారీ అది ఏ రకంగా పడిందో విడదీయాలి.

షాపుల్లో మొదట వినిపించే మాట, "ఫార్మాట్ కొడితే సెట్ అయితదన్నా." విండోస్ వల్ల అయ్యే రీస్టార్టులు లేకపోలేదు. కానీ అవి దాదాపు ఎప్పుడూ ఆనవాలు వదిలిపెడతాయి. అప్‌డేట్ కోసం విండోస్ తానే రీస్టార్ట్ చేస్తే ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చోటు) 1074 నంబరుతో, ఏ ప్రోగ్రాం అడిగిందో పేరుతో సహా రాసి ఉంటుంది. అది లేనప్పుడు ఫార్మాట్ చేస్తే రోజంతా పోతుంది, లోపం అక్కడే ఉంటుంది.

ఆనవాళ్లు చదవాలంటే ముందు వాటిని నిలబెట్టాలి. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ తెరిచి ఆటోమేటిక్ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేశాను. ఇలా చేస్తే నీలి తెర వచ్చినప్పుడు అది అలాగే ఆగి ఉంటుంది, కోడ్ ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు. టిక్ తీసేశాక కూడా నీలి తెర లేకుండా నేరుగా రీస్టార్ట్ అయితే, విండోస్‌కు తాను పోతున్న సంగతి కూడా తెలియలేదన్నమాట. అక్కడే సగం సంగతి తేలిపోతుంది. పేజ్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు) సీ డ్రైవ్ నుంచి వేరే డ్రైవ్‌కు మార్చి ఉంటే తిరిగి సీ డ్రైవ్‌కే తేవాలి. లేకపోతే పడిన క్షణం వివరాలు, అంటే క్రాష్ డంప్, రాయడానికి చోటు ఉండదు, విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఖాళీగా కనిపిస్తుంది.

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. అక్కడ ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. చాలామంది ఈ నంబరే జబ్బు పేరనుకుని దాని కోసం వెతుకుతారు. 41 అనేది మళ్లీ బూట్ అయ్యాక రాసుకునే మాట: పోయినసారి పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు అని, అంతే. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అనే వరస ఉంటుంది, చూడాల్సింది అదే. అక్కడ సున్నా ఉంటే నీలి తెర నమోదు కాలేదు. కరెంటు తెగిందో, బోర్డు రీసెట్ అయిందో, ప్రాసెసర్ పూర్తిగా బిగుసుకుపోయిందో. సున్నా కాకపోతే అది నీలి తెర కోడే, కాకపోతే దశాంశంలో రాసి ఉంటుంది. 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్, 80 అంటే పేజ్ ఫాల్ట్, 278 అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించలేదు, 292 అంటే హార్డ్‌వేర్ లోపం అని ప్రాసెసరే చెప్పింది. అదే లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో 18 నంబరు ఉంటే ప్రాసెసర్, మెమరీ కంట్రోలర్ వైపు చూడాలి. 17 నంబరు ఎక్కువసార్లు ఉంటే గ్రాఫిక్స్ కార్డు స్లాట్, రైజర్ కేబుల్ (కార్డును స్లాట్‌కు కలిపే పొడిగింపు కేబుల్) వైపు.

దీనికి తోడు ఒక నోట్‌బుక్ పెట్టాను. పడిన టైము, ఆ క్షణంలో ఏం నడుస్తోంది, తెర నీలమా నలుపా, ఫ్యాన్లు ఆగాయా, యూపీఎస్ అరిచిందా, ట్యూబ్‌లైట్ మిణుకుమందా. ఇవన్నీ లాగ్‌లో దొరకవు. పేజీ నిండేసరికి మూడు గుంపులు కంటికే కనిపించాయి. రెండర్‌లో పడినవాటన్నిటికీ బగ్‌చెక్ సున్నా. నీలి తెరలకు 26, 80, మధ్యలో ఒక 292. సాయంత్రం పడినవాటికి కూడా సున్నానే, కాకపోతే ప్రతిదాని పక్కనా యూపీఎస్ అరుపు రాసి ఉంది.

మొదటి గుంపు రెండర్‌వి. లెక్క వేస్తే కొత్త ప్రాసెసర్ వల్ల లోడు పెరగలేదు. 2600కు సాకెట్ దగ్గర గరిష్ఠ పరిమితి 88 వాట్లు, 5700ఎక్స్‌కు 76. పెరిగిందల్లా కార్డు దగ్గరే. 1650 కార్డు 75 వాట్లది, ఆ మొత్తం స్లాట్ నుంచే తీసుకోగలదు, విడిగా కేబుల్ అవసరం లేనిది. 3070 కార్డు 220 వాట్లు. ప్రాసెసర్ 76, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 50, 60 కలిపితే 350 దాటి కొంచెం. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు ఇది లెక్కలోకే రాదనిపిస్తుంది.

కానీ ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే వాట్లు కాదు చూడాల్సింది. పక్కన స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది. ప్రాసెసర్, కార్డు తినేది 12 వోల్టుల లైను నుంచి. నా పాత దాని మీద ఆ లైనుకు 38 యాంపులు అని ఉంది. 38ని 12తో గుణిస్తే 456 వాట్లు. మిగతా వాట్లు 5 వోల్టు, 3.3 వోల్టు లైన్లవి, అవి ఇప్పటి సిస్టమ్‌లకు పెద్దగా అక్కరకు రావు. అయిదారేళ్లు ఎండల్లో నడిచిన ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్ల సత్తువ కూడా తగ్గుతుంది.

ఇంకా ముఖ్యమైన సంగతి, కార్డు 220 వాట్లు తినడమన్నది సగటు. లోపల లోడు మారే క్షణాల్లో, మిల్లీసెకను కంటే తక్కువ సేపు, అంతకన్నా చాలా పైకి ఎగిరి దిగుతుంది. ఆ ఎగురుడుకు 12 వోల్టుల లైను కిందికి కుంగితే ఎస్‌ఎంపీఎస్ తన పవర్ గుడ్ సిగ్నల్ తీసేస్తుంది. 24 పిన్నుల ప్లగ్గులో బూడిద రంగు వైరు అదే. ఆ సిగ్నల్ పోగానే బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. నీలి తెర రాయడానికి కూడా విండోస్‌కు టైము దొరకదు, అందుకే బగ్‌చెక్ సున్నా. కుంగుడు బదులు ఎస్‌ఎంపీఎస్‌లోని ఓవర్‌లోడ్ రక్షణ పనిచేస్తే సిస్టమ్ పూర్తిగా చచ్చినట్టు ఆగిపోతుంది, వెనక స్విచ్ ఆఫ్ చేసి వేస్తే గాని లేవదు. రీస్టార్ట్ అయ్యిందా, ఆగిపోయి లేవలేదా అన్న తేడా నోట్‌బుక్‌లో తప్పకుండా రాయాలి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, రేటింగ్‌కు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న షరతు పెట్టింది ఈ ఎగురుళ్ల కోసమే.

ఇది రుజువు చేయడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కార్డు సెట్టింగులు మార్చే ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్ గీతను 60 శాతానికి దించాను. అప్పుడు కార్డు 132 వాట్ల దగ్గర ఆగిపోతుంది. అంతకుముందు పడిపోయిన టైమ్‌లైన్‌నే రెండర్ పెడితే రాత్రంతా నిలబడింది. మళ్లీ 100కు పెంచితే పడింది. కార్డు, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ అన్నీ అవే, మారింది వాట్లు మాత్రమే. వేలు చూపించడానికి ఇంతకన్నా తేట అయిన దారి ఇంట్లో దొరకదు.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించేది కార్డు మీద లోడు వేసి చూసే ఫర్‌మార్క్ ప్రోగ్రాం. దాన్ని గంట నడిపినా నా సిస్టమ్ పడలేదు. ఫర్‌మార్క్ లోడు ఎత్తుగా ఉన్నా సమంగా ఉంటుంది, ఎగురుళ్లు తక్కువ. ఎడిటింగ్‌లో ఒక ఎఫెక్ట్ నుంచి ఇంకో క్లిప్‌కు వెళ్లేటప్పుడు, గేముల్లో సీను మారేటప్పుడు లోడు మెట్లు మెట్లుగా పడి లేస్తుంది. అందుకే ఓసీసీటీ అనే ఇంకో పరీక్షల ప్రోగ్రాంలో త్రీడీ అడాప్టివ్ పరీక్షను లోడు మారుతూ ఉండేలా పెట్టి, దానితోపాటు ప్రాసెసర్ మీద కూడా లోడు వేసి చూడాలి. మల్టీమీటర్ కూడా ఈ కుంగుడును పట్టలేదు, అది సెకనుకు రెండు మూడుసార్లే రీడింగు మారుస్తుంది. స్థిరంగా ఎంత దిగుతోందో మాత్రం చెప్తుంది: పసుపు వైరు, నలుపు వైరు మధ్య 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు ఉండాలి. సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రాంలో కనిపించే 12 వోల్టుల అంకెను నమ్ముకోవద్దు, బోర్డు సెన్సరు తప్పు చూపించడం మామూలే. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగుందనడం కూడా సరికాదు, లోడు లేకుండా తిరగడం ఏమంత గొప్ప కాదు.

కార్డుకు 8 పిన్నుల సాకెట్లు రెండుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు విడి కేబుళ్లు రావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలున్నదాన్ని రెండిట్లో గుచ్చితే మొత్తం కరెంటు ఒకే కేబుల్ మోయాలి, వోల్టేజీ అక్కడే కొంత కుంగుతుంది. డిస్కులకు కరెంటిచ్చే సాటా ప్లగ్గు నుంచి 8 పిన్నులకు మార్చే అడాప్టర్లు అస్సలు వద్దు. సాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోదానికి ఒకటిన్నర యాంపు, అంతా కలిపి 54 వాట్లు. 8 పిన్నుల సాకెట్ 150 వాట్లు అడుగుతుంది. మిగిలిన తేడా వేడిగా మారి ప్లాస్టిక్ కరుగుతుంది.

తెలిసినవాళ్ల దగ్గర బాగా నడుస్తున్న 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఒక రోజుకు తెచ్చి పెడితే 100 శాతం పవర్ లిమిట్‌లో కూడా రెండర్ ఆగలేదు. అప్పుడే కొత్తది కొన్నాను, 12 వోల్టుల లైను 54 యాంపులు, అంటే 648 వాట్లు. జిల్లాలో షాపుల్లో ఎక్కువగా ఆఫీసు సిస్టమ్‌లకు సరిపోయే చిన్నవే నిల్వ ఉంటాయి. ఇలాంటివి కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లడమో, ఆన్‌లైన్‌లో తెప్పించడమో. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత కేబుళ్లు ఒక్కటి కూడా ఉంచకూడదు. బోర్డు వైపు ప్లగ్గులు అందరివీ ఒకటే గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. పాత సాటా కేబుల్ కొత్తదానికి సరిగ్గా పట్టి కూడా 5 వోల్టుల చోట 12 వోల్టులు పంపగలదు. అప్పుడు ఫుటేజీ ఉన్న డిస్కులు పోతాయి.

రెండర్ రీస్టార్టులు ఆగిపోయాయి. నీలి తెరలు ఆగలేదు. ముందే గుంపులు విడదీయకపోతే ఇక్కడ కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాల్సి వచ్చేది.

26, 80 రెండూ మెమరీ వైపు చూపిస్తాయి. ర్యామ్ విషయంలో జనం మరిచిపోయేది ఒకటుంది. స్టిక్కు మీద 3200 అని రాసి ఉండటం ఆ స్టిక్కు సత్తా మాత్రమే. దాన్ని నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపల ఉంటుంది, ఎన్ని స్టిక్కులు మోయాలన్న దాన్ని బట్టి దాని హామీ మారుతుంది. రైజెన్ 5000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు రెండు స్టిక్కులైతే ఏఎండీ చెప్పే వేగం 3200. నాలుగు సింగిల్ ర్యాంక్ (చిప్పుల గుంపు ఒకటే ఉన్న) స్టిక్కులైతే 2933. నాలుగు డ్యూయల్ ర్యాంక్ (రెండు గుంపులున్నవి) అయితే 2667. ఎక్స్‌ఎమ్‌పీ (స్టిక్కును దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేసి నాలుగూ 3200లో నడిపితే కొన్ని సిస్టమ్‌లు మోస్తాయి, కొన్ని మోయవు. పైగా ఒకే మోడల్ నంబరు మీద, వేర్వేరు సంవత్సరాల్లో కొన్న జతల లోపల చిప్పులు వేరుగా ఉండవచ్చు. కంపెనీలు నాలుగు స్టిక్కులను ఒకే కిట్‌గా అమ్మేది కలిపి పరీక్షించామని చెప్పడానికే.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేశాను. 32 జీబీకి పూర్తి నాలుగు పాసులు గంటల పని, రాత్రి పెట్టి పొద్దున చూడటమే. నాలుగు స్టిక్కులతో 3200లో ఎర్ర వరసలు పడ్డాయి. పాత జత ఒక్కటే పెడితే 3200లో ఒక్క తప్పూ లేదు. కొత్త జత ఒక్కటే పెట్టినా లేదు. అంటే స్టిక్కులు నాలుగూ మంచివే, కలిపి ఆ వేగంలో నడపడమే కుదరడం లేదు. ఈ మూడు పరీక్షలు చేయకుండా షాపుకు వెళ్తే, అక్కడ ఒక్కో స్టిక్కు పెట్టి చూసి బాగానే ఉందని తిరిగి ఇచ్చేస్తారు. వాళ్ల మాట కూడా నిజమే.

బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎమ్‌పీ ఉంచి, వేగం మాత్రం 2933కు దించాను. టైమింగులు, 1.35 వోల్టులు అలాగే. రాత్రంతా నడిపితే సున్నా తప్పులు. ఎడిటింగ్‌లో ఈ తేడా కంటికి ఆనదు, 32 జీబీ ఉండటం వల్ల వచ్చే లాభం దానికన్నా ఎన్నో రెట్లు. తప్పకుండా 3200 కావాలంటే రెండు 16 జీబీ స్టిక్కులు కొనడమే శుభ్రమైన దారి, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో. ఎక్స్‌ఎమ్‌పీ పూర్తిగా తీసేసినా తప్పులు వస్తున్నాయంటే అప్పుడు స్టిక్కో స్లాటో చెడినట్టు. ఒక్కో స్టిక్కును అదే స్లాట్‌లో పెట్టి చూస్తే స్టిక్కు సంగతి, మంచి స్టిక్కును ఒక్కో స్లాట్‌లో పెట్టి చూస్తే స్లాట్ సంగతి తేలుతుంది. ప్రాసెసర్ మార్చినప్పుడు కూలర్ ఒక పక్కకు ఎక్కువ బిగిసినా ఒక ఛానెల్ ర్యామ్ కనిపించకుండా పోవచ్చు, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.

మెమరీ మీద అనుమానం ఉన్నన్నాళ్లు ఎడిటింగ్ ప్రాజెక్టులు తెరవొద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. రీస్టార్ట్ కన్నా నష్టం అక్కడుంది: తప్పు బిట్లు ఆటోసేవ్‌తో ప్రాజెక్టు ఫైల్‌లోకి, కాపీ చేసిన ఫుటేజీలోకి చేరిపోతాయి, తెలిసేసరికి మెమరీ కార్డులు ఫార్మాట్ అయి ఉంటాయి. పెళ్లి మళ్లీ జరగదు. పరీక్షలు పూర్తయ్యేదాకా కార్డుల్లో ఉన్నది అలాగే ఉంచాలి.

మూడో గుంపు సాయంత్రాలది, ఇది మన దగ్గరి సమస్య. ఊరి శివారులో, బోరు మోటర్లున్న లైను మీదే ఇళ్లు కూడా ఉంటే కరెంటు 230 దగ్గర నిలవదు. మోటరు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆటో స్టార్టర్లున్నచోట కరెంటు రాగానే బోర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడానికి ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఈ బరువు తగ్గించడానికి కూడా. ఎలక్ట్రికల్ షాపులో సాకెట్‌లో గుచ్చే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ దొరుకుతుంది. మల్టీమీటర్ ముళ్లు పట్టుకుని సాకెట్ దగ్గర కూర్చోవడం కన్నా అది క్షేమం. దాన్ని యూపీఎస్ పక్కనే పెట్టి చూస్తే సాయంత్రం 190 దగ్గర ఊగుతూ, మధ్యమధ్య ఇంకా కిందికి పడి లేవడం కనిపించింది. పడ్డ ప్రతిసారీ యూపీఎస్‌లో రిలే టక్కుమంటుంది.

అయితే ఈ కరెంటు అప్‌గ్రేడ్‌కు ముందూ ఇంతే. మరి అప్పుడు ఎందుకు పడలేదు? 600 వీఏ యూపీఎస్ మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంటుంది. పాత సిస్టమ్ మానిటర్‌తో కలిపినా దానికి లోపే తినేది. కొత్తది రెండర్‌లో ఉంటే, మానిటర్ కలిపి, ఎస్‌ఎంపీఎస్ లోపల వేడిగా పోయేదీ కలిపి 400 దాటుతుంది. కరెంటు ఉన్నంతసేపు యూపీఎస్ దాన్ని అలా పంపిస్తూ ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. బ్యాటరీ మీదకు మారిన క్షణంలో మోయలేక అరిచి ఆపేస్తుంది. కరెంటు వెంటనే వస్తుంది, బయోస్‌లో కరెంటు వచ్చాక ఆన్ కావాలన్న సెట్టింగు ఉంటే సిస్టమ్ తిరిగి లేస్తుంది, చూసేవాళ్లకు అది రీస్టార్టే. అందుకే పరీక్షలు చేస్తున్నన్నాళ్లు ఆ సెట్టింగును ఆఫ్‌లో ఉంచాను. అప్పుడు కరెంటు పూర్తిగా తెగితే సిస్టమ్ ఆగిపోయి ఉంటుంది, లోపలి రీసెట్ అయితే తిరిగి లేస్తుంది. రెండూ కలిసిపోవు.

యూపీఎస్ పరీక్ష ఇలా. మెమ్‌టెస్ట్ నడుస్తుండగా గోడ నుంచి యూపీఎస్ ప్లగ్గు తీయాలి. డిస్కు మీద ఏదీ రాయడం లేదు కాబట్టి పడినా నష్టం లేదు. ఇక్కడే పడితే యూపీఎస్ బ్యాటరీ పోయిందనుకోవచ్చు. 12 వోల్టుల 7 యాంప్-అవర్ బ్యాటరీ ఈ ఎండలకు రెండు మూడేళ్లకు మించి ఆశించలేం. ఇక్కడ నిలబడితే, ఫుటేజీ డిస్కులు విప్పేసి, విండోస్‌లో ఏ ఫైలూ తెరవకుండా కార్డు మీద పూర్తి లోడు వేసి మళ్లీ ప్లగ్గు తీయాలి. నాది మొదటిదాంట్లో నిలబడి రెండోదాంట్లో వెంటనే పడింది. అంటే బ్యాటరీ బాగుంది, సత్తా చాలలేదు. 1100 వీఏ, 660 వాట్ల యూపీఎస్ పెట్టాక సాయంత్రం రీస్టార్టులు లేవు. దాని మీద సిస్టమ్, మానిటర్ తప్ప ఏదీ ఉండకూడదు, ముఖ్యంగా లేజర్ ప్రింటర్. కాగితం వేడి చేసే క్షణంలో అది లాగే కరెంటు యూపీఎస్‌ను ముంచుతుంది.

ఇంటి ఇన్వర్టర్ మీద సిస్టమ్ నడిపేవాళ్లు దాని వెనక ఉండే చిన్న స్విచ్ చూడాలి. యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని రెండుంటాయి. మామూలు మోడ్‌లో ఫ్యాన్లు, లైట్లకు సరిపోయే వేగంతో మారుతుంది, కంప్యూటర్‌కు అది ఆలస్యం. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడగలిగేది పూర్తి లోడులో 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే, పాతబడితే ఇంకా తక్కువ. కార్డు పెద్దదయ్యాక ఆ కాస్త నిల్వ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని అసలు నిలవవు, సైన్ వేవ్‌దే కావాలి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి ఎర్త్‌కు పోవాల్సిన సన్నటి కరెంటు అది. దీనివల్లే రీస్టార్ట్ అవుతుందని చెప్పలేను గానీ దాన్ని వదిలేయడం మంచిది కాదు. మన రాతి నేలలో ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతైనా మధ్యమధ్య నీళ్లు పోయకపోతే పేరుకే ఉంటుంది. సాకెట్‌లో న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజీ రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించాలి.

నా విషయంలో కానివి కూడా తొందరగా చూసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. రీసెట్ బటన్ వైరును బోర్డు నుంచి పీకేసి ఒక రోజు నడపాలి. బటన్ లోపల ఇరుక్కుంటే అచ్చం ఇలాగే రీస్టార్ట్ అవుతుంది. క్యాబినెట్ కూడా మార్చి ఉంటే, బోర్డు కింద రంధ్రం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న స్తంభం) మిగిలిందేమో చూడాలి. వేడి మీద అందరికీ మొదటి అనుమానం పోతుంది, మే నెలలో అది సహజం కూడా. కానీ ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే ఆగిపోతుంది, రీస్టార్ట్ కావడం అరుదు. 5700ఎక్స్‌కు హద్దు 90 డిగ్రీలు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో లాగింగ్ పెట్టి పడిపోయిన క్షణానికి ముందు వరసలో అంకె చూస్తే చాలు. నాది 78 దాటలేదు, ఆ దారి మూసేశాను. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల దగ్గర ఉన్నవాళ్లు మాత్రం ఎస్‌ఎంపీఎస్ లోపలి దుమ్మును పట్టించుకోవాలి, ఊక దుమ్ము ఫ్యాన్ వెనక మందంగా పేరుకుంటుంది. బయటి నుంచే బ్లోయర్ కొట్టాలి, ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

బరువు పని లేనప్పుడు మాత్రమే, నీలి తెర లేకుండా పడే సిస్టమ్‌లకు ఇంకో సంగతి. రైజెన్ ప్రాసెసర్లు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటును బాగా తగ్గించుకుంటాయి, అంత తక్కువ లోడును కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు సరిగా నిలబెట్టలేవు. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మారిస్తే తేలిపోతుంది. ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగు ముట్టుకుని ఉంటే దాన్నీ సున్నాకు తేవాలి, తక్కువ లోడులో పడగొట్టేది ఎక్కువగా అదే.

బయోస్ అప్‌డేట్ అన్నిటికన్నా ముందే చేసి ఉండాలి, రైజెన్ 5000ను గుర్తుపట్టని పాత బీ450 బయోస్‌లో కొత్త ప్రాసెసర్ అసలు లేవదు. పాత ప్రాసెసర్ మీద ఉండగానే, యూపీఎస్ బాగున్నప్పుడు, పగటిపూట చేయడం మేలు. ప్రాసెసర్ మార్చాక ఎఫ్‌టీపీఎమ్ (తాళం కీలు దాచే ప్రాసెసర్ భాగం) రీసెట్ చేయాలా అని బోర్డు అడుగుతుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాళ్లు రికవరీ కీ రాసిపెట్టుకోకుండా అవును అనొద్దు. తర్వాత ఎప్పుడు బయోస్ అప్‌డేట్ చేసినా, సీఆర్2032 బ్యాటరీ మార్చినా సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. అప్పుడు మళ్లీ ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేసేవాళ్లు 3200కు పోకుండా, వేగం 2933, వోల్టేజీ 1.35 అని క్యాబినెట్ పక్క తలుపు లోపలి వైపు చిన్న కాగితం అంటించాను.